పంట మునిగిన ఏడాది కృతజ్ఞతార్పణ: హెబ్రీ లేఖనాలు ఏమంటున్నాయి?

ప్రశ్న: పాలకొల్లు కౌలురైతు

సభ్యులందరికీ వందనాలు. మాది పాలకొల్లు పక్క పల్లె. మా సంఘంలో ఏటా సార్వా మాసూళ్లు ముగిశాక ఒక ఆదివారం పంటల పండుగ చేసుకుంటాం. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, కంద దుంపలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు తెచ్చి వేదిక ముందు పెడతాం. ఒక్కొక్కరూ లేచి ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. ఆరాధన అయ్యాక కానుకలను వేలం వేస్తారు, ఆ సొమ్ము సంఘం ఖర్చులకు జమ అవుతుంది.

ఈ ఏడాది తుపాను సరిగ్గా కోతల మీద పడింది. ముందుగా మిషను దొరికి ధాన్యం ఒబ్బిడి చేసుకున్నవారు గట్టెక్కారు. పనల మీద ఉన్న వరి మాత్రం నీళ్లలో నాని కంకి మీదే మొలకెత్తింది. నాది ఈ రెండో రకం. పైగా సొంత చేను కాదు, కౌలు. పంట పోయినా మక్తా ఆగదు.

పండుగ విషయం మాట్లాడడానికి పెద్దలు కూర్చున్నప్పుడు రెండు అభిప్రాయాలు వచ్చాయి. పంట వచ్చినా పోయినా అందరూ లేచి స్తుతి చెల్లించవలసిందేననీ, కృతజ్ఞత విశ్వాసికి విధి అనీ ఒకరు అన్నారు. సగం ఊరు ఏడుస్తుంటే పండుగేమిటి, ఈ ఏటికి మానేద్దామని ఇంకొకరు అన్నారు. నాకు రెండూ సరిపడలేదు, కానీ ఎందుకు సరిపడలేదో చెప్పలేకపోయాను.

అపొస్తలుల పత్రికలలో కృతజ్ఞత గురించి ఏముందో మా పాస్టరుగారు చాలాసార్లు చెప్పారు. నా ప్రశ్న పాత నిబంధన గురించి. దాన్ని రాసినవారూ, మొదట విన్నవారూ పొలం దున్నిన జనమే, కరవు చూసిన జనమే. వారి దృష్టిలో స్తుతి అంటే ఏమిటి, కృతజ్ఞత అంటే ఏమిటి? మనసులో ఉండే భావమా, చెల్లించే కానుకా, పలికే మాటా? పంట పోయినవాడిని కూడా లేచి స్తుతించమని వారు అడిగారా? దయచేసి ప్రసంగం వద్దు, వాక్యభాగాలు చూపించి వివరిస్తే మేలు.


జవాబు: అమలాపురం మాష్టారు

మంచి ప్రశ్న అడిగారు. మీరు చెప్పిన మూడింటిలో భావానికి హెబ్రీ లేఖనాలు, అంటే మన పాత నిబంధన, ఇచ్చిన చోటు చాలా తక్కువ. అక్కడ కృతజ్ఞత అంటే, జరిగిన మేలును పదిమంది ఎదుట నోరు తెరిచి చెప్పడం, ఆ చెప్పినచోటనే పదిమందికి భోజనం పెట్టడం. ఈ రెండూ కలిస్తేనే అది కృతజ్ఞత. మనసులో దాచుకున్న కృతజ్ఞతను కీర్తనకారుడు దాదాపు తప్పుగానే లెక్కిస్తాడు. 40వ కీర్తన 9, 10 వచనాలు చూడండి: నీ నీతిని నా హృదయంలో దాచుకొని ఊరకుండలేదు, మహా సమాజంలో దాన్ని తెలియజేశాను అని తన తరఫున తానే సాక్ష్యం చెప్పుకుంటాడు.

భోజనం సంగతి లేవీయకాండము 7వ అధ్యాయంలో ఉంది. ఆపద నుండి బయటపడినవాడు కృతజ్ఞతార్పణగా ఒక పశువును తెస్తాడు. దానితోపాటు నూనె కలిపిన పొంగని రొట్టెలు, నూనె పూసిన పలుచని అప్పడాల వంటివి, నూనెతో కలిపి తడిపిన గోధుమపిండి రొట్టెలు, ఇవి గాక మామూలు ఇంటి రొట్టెల్లాగా పొంగినవి కూడా తేవాలి. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మనియమాల సంకలనం మిష్నా ప్రకారం ఒక్కో రకానికి పది చొప్పున మొత్తం 40 రొట్టెలు. ఒక్కో రకంలో ఒకటి యాజకుడికి వెళుతుంది, తక్కిన 36 తెచ్చినవాడివే. పశువు కొవ్వు బలిపీఠం మీద కాలుతుంది, బోర, కుడి జబ్బ యాజకులవి, మిగతా మాంసమంతా మళ్లీ అతనిదే. ఇక్కడే అసలు విషయం ఉంది. మొక్కుబడి అర్పణ మాంసాన్ని మర్నాడు కూడా తినవచ్చు. కృతజ్ఞతార్పణ మాంసం మాత్రం ఆ రోజే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగలకూడదు.

ఒక గొర్రెనూ అన్ని రొట్టెలనూ ఒక కుటుంబం ఒక్క రోజులో తినగలదా? తినలేదు, కాబట్టి పిలవాలి. 19వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత నఫ్తాలి త్స్వి యెహూదా బెర్లిన్ ఈ నియమాన్ని సరిగ్గా ఇలాగే వివరించాడు: రొట్టెలు ఎక్కువ, గడువు తక్కువ కావడం వల్ల అతను బంధుమిత్రులను పిలిచి కూర్చోబెట్టక తప్పదు, వారు కూర్చున్నాక ఈ విందు ఎందుకని అడగక మానరు, అప్పుడు జరిగినదంతా చెప్పక తప్పదు. మన ఊళ్లలో గండం గడిచినవాడు మొక్కు తీర్చుకొని నలుగురికీ భోజనాలు పెట్టడం చూసినవారికి ఇది ఏమీ వింతగా ఉండదు.

22వ కీర్తనను చాలామంది మొదటి వచనం కోసమే చదువుతారు. 22 నుంచి 26 దాకా కూడా చదవండి. నీ నామాన్ని నా సహోదరులకు ప్రచురపరుస్తాను, సమాజమధ్యంలో నిన్ను స్తుతిస్తాను అని మొదలుపెట్టి, మొక్కుబడులు చెల్లిస్తానని చెప్పి, వెంటనే ‘దీనులు భోజనము చేసి తృప్తిపొందెదరు’ అంటాడు. స్తుతికీ, లేనివాడి విస్తరికీ మధ్య ఒక్క వాక్యం దూరం కూడా లేదు.

స్తుతీ కృతజ్ఞతా ఒకటేనా అనే మాటకు క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఆ గీత అంత గట్టిది కాదు. 113వ కీర్తనలో దేవుడు ఎలాంటివాడో చెబుతున్నారు, 30వ కీర్తనలో ఆయన నాకేం చేశాడో చెబుతున్నారు. మొదటిది ఎవరైనా పాడవచ్చు. రెండోది చెప్పడానికి చెప్పుకోదగ్గ సంగతి ఒకటి జరిగి ఉండాలి. మీ ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

107వ కీర్తనలో అది స్పష్టంగా కనబడుతుంది. అక్కడ నలుగురు వరసగా వస్తారు: ఎడారిలో దారి తప్పినవారు, చెరసాలలో ఉన్నవారు, జబ్బుపడి మరణద్వారాల దాకా వెళ్లినవారు, ఓడలెక్కి సముద్రంలో తుపానుకు చిక్కినవారు. నలుగురూ మొరపెడతారు, నలుగురూ విడుదల పొందుతారు. ఆ తరువాతనే, ఆ తరువాత మాత్రమే, వారు దేవునికి కృతజ్ఞతలు చెల్లించాలనే పల్లవి వస్తుంది, నాలుగుసార్లు. మిష్నా మీద యూదు పండితుల చర్చలను కూర్చిన తల్ముదులోని బెరాఖోత్ భాగం ఈ నలుగురినీ పట్టుకొని, కృతజ్ఞత చెప్పవలసినవారు వీరేననీ, అదీ పదిమంది ఉన్నచోట చెప్పాలనీ నిర్ణయించింది. ఇప్పటికీ యూదుల సమాజమందిరాల్లో ప్రమాదం తప్పినవాడు లేచి ఆ దీవెన పలుకుతాడు. గట్టెక్కనివాడిని లేపి పలికించరు.


జవాబు: లంకగాలి

మాష్టారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. కృతజ్ఞత మేలు పొందినవాడికే అని కట్టడి చేస్తే యోబును ఎక్కడ పెడతారు? పశువులు పోయాయి, పిల్లలు పోయారు, ఆ రోజే ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక’ అన్నాడు. హబక్కూకు 3వ అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేనులో పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. ఇది అచ్చంగా పంట పోయిన రైతు మాటే కదా. మా లంకల్లో 1986 ఆగస్టు వరద చూసినవారు ఇంకా ఉన్నారు. ఇల్లు కొట్టుకుపోయిన మా పెద్దవాళ్లు గట్టు మీద గుడారంలో ఉండి కూడా పాట మానలేదు. ఆ పాటే వారిని నిలబెట్టింది. పంట పోయినవారిని పక్కన కూర్చోబెడితే వారి నుంచి ఆ ఒక్కటి కూడా లాగేసుకున్నట్టు అవుతుంది.


జవాబు: గోదావరిగట్టు చదువరి

లంకగాలిగారు ఎత్తిన రెండు వాక్యభాగాలూ బరువైనవే, దాటవేయకూడదు. కానీ ఆ రెండింటిలోనూ మాట్లాడుతున్నది ‘నేను’. యోబు తన గురించి అన్నాడు, హబక్కూకు తన గురించి అన్నాడు. నీ పిల్లలు పోయారు కదా, లేచి స్తుతించు అని యోబుతో ఎవరూ అనలేదు. ఇంచుమించు అలాంటి ధోరణిలో నీతులు చెప్పిన స్నేహితులకు చివర 42వ అధ్యాయంలో చీవాట్లు పడ్డాయి. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు అని దేవుడే అన్నాడు. ఆ పలికిన మాటల్లో 1వ అధ్యాయపు స్తుతి ఎంతో, 3వ అధ్యాయంలో తాను పుట్టిన దినాన్ని శపించడం, ఆ తరువాతి వ్యాజ్యమంతా కూడా అంతే. మనం మొదటిదాన్ని గోడకు తగిలించి, రెండోదాన్ని చదవడం మానేశాం.

ఇక పంట పోయినప్పుడు సమాజం ఏం చేయాలనేది నేరుగా చెప్పిన పుస్తకం యోవేలు. మిడతలు తిన్నాయి, కరవు పట్టింది, గోధుమ, యవలు పోయాయి, ఎంతగానంటే మందిరంలో నైవేద్యానికీ పానార్పణానికీ కూడా సరుకు లేకుండా పోయింది. అప్పుడు ప్రవక్త ఎవరినీ పండుగకు పిలవలేదు. సేద్యగాళ్లను విలపించమన్నాడు. యాజకులను గోనెపట్ట కట్టుకొని రాత్రంతా అలాగే ఉండమన్నాడు. ఉపవాసదినం ప్రకటించి, పెద్దలనూ దేశ నివాసులందరినీ మందిరంలో సమకూర్చి మొరపెట్టమన్నాడు. మీరు కడుపారా తిని తృప్తిపొంది మీ దేవుని నామాన్ని స్తుతిస్తారు అనే మాట 2వ అధ్యాయం 26లో వస్తుంది. వరస గమనించండి: ముందు మొర, తరువాత వాన, తరువాత పంట, తరువాత భోజనం, స్తుతి అన్నిటికన్నా చివర. కాబట్టి ప్రశ్న వేసినవారి సంఘంలో పండుగ మానేద్దామన్న పెద్దాయన సగం సరిగ్గానే అన్నారు. సమావేశం మానకూడదు, దాని స్వరం మారాలి.

ఇంకొకటి. కీర్తనల గ్రంథానికి హెబ్రీలో పేరు స్తుతులు అని. కానీ లోపల చూస్తే మరే రకం కన్నా మొరలే ఎక్కువ. 88వ కీర్తనలో స్తుతి ఒక్క ముక్క కూడా రాదు, చీకటిలో మొదలై చీకటి మాటతోనే ఆగిపోతుంది. దాన్ని కూర్చినవారు తీసేయలేదు, చివర రెండు పొగడ్తలు అతికించి చక్కదిద్దలేదు. ఆ గ్రంథంలో మొర కూడా దేవుని ఎదుటే, సమాజం వింటుండగానే పలుకుతారు. అందుకే స్తుతుల గ్రంథంలో దానికి చోటు దొరికింది.

మిష్నాలో ఒక నియమం ఉంది, ఈ చర్చకు బాగా అక్కరకు వస్తుంది. వాన కురిస్తే, శుభవార్త వస్తే, మంచివాడవై మేలుచేసేవాడవు నీకు స్తోత్రం అనాలి. దుర్వార్త వస్తే సత్యమైన న్యాయాధిపతికి స్తోత్రం అనాలి. దుఃఖంలోనూ దేవుని పేరు ఎత్తడం విధి అని అదే మిష్నా చెబుతుంది, ఆ మేరకు లంకగాలిగారి మాట నిలుస్తుంది. కానీ మాటలు వేరు. పోయినవాడి నోట మేలు చేశావు అనిపించలేదు. న్యాయాధిపతి అంటే ఎదుట నిలబడి వాదించుకోవడానికి కూడా వీలున్నవాడు.

చివరగా మన డెల్టావాళ్లం గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మనకు నీరు కాలువలో వస్తుంది. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయం చెప్పే రెండు దేశాలలో మనది కాలితో నీళ్లు కట్టుకునే ఐగుప్తుకు దగ్గర, ఆకాశపు వాన తాగే కనానుకు కాదు. వారికి తొలకరి వానా కడవరి వానా వస్తే బతుకు, రాకపోతే కరవు. కోతకాలంలో వాన అక్కడ పడనే పడదు. అందుకే 1 సమూయేలు 12లో గోధుమ కోతలప్పుడు ఉరిమి వాన కురిస్తే జనం హడలిపోయారు. మనకు కార్తీకం వస్తే అదే గుబులు. వానకోసం వారు చేసిన స్తుతులను మనం సార్వా కోతల ముందు యథాతథంగా పాడుతుంటే నాకెప్పుడూ కొంచెం నవ్వు వస్తుంది.


జవాబు: లంకగాలి

‘నేను’ అన్న మాట ఒప్పుకుంటాను. అయితే హబక్కూకు చివరి వచనం కింద ప్రధాన గాయకునికి, తంతివాద్యాలతో పాడదగినది అని ఉంది. అంటే అది ఒక మనిషి గదిలో అనుకున్న మాటగా మిగలలేదు, సమాజం చేత పాడించడానికి ఇచ్చారు. పాడగలిగినవాడు పాడడానికి సంఘంలో చోటుండాలన్నదే నా పట్టు. లేచి తీరాలని నేను కూడా అనను.


జవాబు: అంతర్వేది తీరం

నేను అంతర్వేది దగ్గర వేటకు వెళ్లే కుటుంబం నుంచి రాస్తున్నాను. 107వ కీర్తనలో నాలుగో గుంపు మావాళ్లే. ఓడ ఆకాశానికి ఎక్కి అగాధానికి దిగుతుంది, మత్తుడిలా తూలుతారు, వారి తెలివంతా ఎటుపోతుందో తెలియదు అని రాసినవాడు కెరటాన్ని చూసి రాశాడు, విని రాయలేదు. తుపానులో మా బోటు తిరిగివచ్చినప్పుడు మేము ఈ భాగమే చదివించుకుంటాం.

అయితే మాకు వచ్చే చిక్కు ఇంకోటి. మా బోటు వచ్చింది, వెనకింటివారిది రాలేదు. ఆదివారం ఇద్దరం ఒకే గుడిలో చాపమీద పక్కపక్కన కూర్చుంటాం. నేను లేచి దేవుడు మావాళ్లను కాపాడాడు అంటే, ఆమెకు అది ఎలా వినబడుతుంది? అనకపోతే నేను మేలు దాచినదాన్ని అవుతానా? పంట వచ్చిన రైతుకు కూడా ఇదే చిక్కు కదా, మాష్టారూ. పోయినవారి గురించి ఇంతసేపూ మాట్లాడారు. దక్కినవారు ఎలా మాట్లాడాలో కూడా ఆ గ్రంథాల్లో ఉంటే చెప్పండి.


జవాబు: అమలాపురం మాష్టారు

అమ్మా, ఈ ప్రశ్న తల్ముదు పండితులకు కూడా తగిలింది. మెగిల్లా అనే భాగంలో ఒక కథ ఉంది. ఐగుప్తీయులు ఎర్రసముద్రంలో మునిగిపోతున్న రాత్రి దేవదూతలు పాట ఎత్తుకోబోతే, నా చేతిపని సముద్రంలో మునిగిపోతుంటే మీరు పాట పాడతారా అని దేవుడు వారిని ఆపాడు. అక్కడ మునిగినవారు శత్రువులు. శత్రువుల విషయంలోనే అంత బెరుకు ఉంటే వెనకింటివారి విషయంలో ఎంత ఉండాలి?

అదే చోట ఒక సన్నని పరిశీలన కూడా ఉంది. ‘యెహోవా దయాళుడు, ఆయన కృప నిరంతరముండును’ అనేది కృతజ్ఞతా గీతాల మామూలు పల్లవి; 136వ కీర్తన మొదటి వచనం అందరికీ తెలుసు. 2 దినవృత్తాంతములు 20:21లో యూదా రాజు యెహోషాపాతు గాయకులను సైన్యం ముందు నడిపిస్తూ పాడించినప్పుడు మాత్రం ఆయన కృప నిరంతరమన్నది ఉంది, దయాళుడు అన్న ముక్క లేదు. ఎందుకు లేదంటే దుష్టులు కూలినందుకు కూడా దేవుడు సంతోషించడు కాబట్టి అని రబ్బీ యోహానాను అంటాడు. ఒకరి గెలుపులో మరొకరి నష్టం ఉన్నచోట స్తుతిని పూర్తి గొంతుతో పాడకుండా ఒక మాట తగ్గించారన్నమాట. మీరు లేచి మాట్లాడండి, మానవద్దు. కానీ దేవుడు మమ్మల్ని కాపాడాడు కనుక మాలో ఏదో ఉందన్న ధ్వని రాకుండా, ఆ రాత్రి ఏం జరిగిందో మాత్రమే చెప్పండి. 107లో గట్టెక్కిన నలుగురిలో ఒక్కరు కూడా తమ భక్తి గురించి చెప్పుకోరు. వారిలో రెండు గుంపులవారు తమ తప్పు వల్లనే ఆపదలో పడ్డారని కీర్తన నిర్మొహమాటంగా చెబుతుంది.

పెద్దల మొదటి అభిప్రాయం గురించి, అంటే అందరినీ వరసగా లేపి చెప్పించడం గురించి, ఒక సంగతి చెప్పాలి. ద్వితీయోపదేశకాండము 26 ప్రకారం రైతు ప్రథమ ఫలాలను గంపలో పెట్టి మందిరానికి తెచ్చి, నా తండ్రి నశించుచున్న అరామీయుడు అని మొదలయ్యే పాఠం అప్పగించాలి. గమనిస్తే అందులో ఈ ఏడాది ఎన్ని బస్తాలయ్యాయన్న లెక్క లేదు. పరదేశంలో బానిసలుగా ఉన్నాం, మొరపెట్టాం, ఆయన విన్నాడు, ఈ నేల ఇచ్చాడు, ఇవిగో ఫలాలు: అంతే. తరువాత లేవీయుడితోనూ, నీ మధ్యనున్న పరదేశితోనూ కలిసి సంతోషించు అని ముగింపు. మళ్లీ భోజనమే.

యెరూషలేములో రెండో మందిరం ఉన్న రోజుల్లో ఈ ఊరేగింపు ఎలా జరిగేదో మిష్నాలో బిక్కూరీమ్ భాగం కళ్లకు కట్టినట్టు చెబుతుంది. కొమ్ములకు బంగారు తొడుగు, తలకు ఒలీవ దండ వేసిన ఎద్దు ముందు నడిచేది, పిల్లనగ్రోవి ఊదుతూ జనం వెంట వచ్చేవారు, అగ్రిప్ప రాజంతటివాడు కూడా మందిరం కొండ చేరాక గంపను తన భుజాన పెట్టుకొనేవాడు. మొదట్లో ఆ హెబ్రీ పాఠం వచ్చినవాడు సొంతంగా చెప్పేవాడు, రానివాడికి యాజకుడు అందించేవాడు. చదువు రానివారికి అది సిగ్గుగా తోచి గంపలు తేవడమే మానేశారు. అప్పుడు పెద్దలు ఏం చేశారంటే, వచ్చినవాడికీ రానివాడికీ అందరికీ అందించి చెప్పించాలని తీర్పు చేశారు. రానివాడిని బలవంతాన లేపలేదు, పండుగనూ మానలేదు. సిగ్గు ఎక్కడ పుడుతోందో ఆ పద్ధతిని మార్చారు. అదే భాగంలో ధనికులు వెండి బంగారు బుట్టల్లోనూ, పేదలు ఒలిచిన చువ్వల బుట్టల్లోనూ తెచ్చేవారని, పేదల బుట్టలను కూడా యాజకులే ఉంచుకొనేవారని ఉంది. ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ధనికుడి వెండి బుట్ట ధనికుడికి తిరిగివచ్చేది మరి.

కౌలు సంగతి కూడా ఉంది, అడిగినవారు కౌలురైతు కనుక చెప్పి తీరాలి. నీ భూమి ప్రథమ ఫలాలు అని వాక్యం ఉంది కాబట్టి పాలికాపుకూ మక్తా కౌలుదారుకూ ప్రథమ ఫలాలు తెచ్చే బాధ్యత లేదని మిష్నా మొదట తీర్పు చెబుతుంది. అధ్యాయం చివరకు వచ్చేసరికి వారు కూడా తెచ్చి పాఠం చెప్పవచ్చునని రబ్బీ యెహూదా వాదిస్తాడు. అంటే నేల తనది కానివాడిని కృతజ్ఞత అడగవచ్చా అని వారు నిజంగా వాదించుకున్నారు. మన సంఘాల్లో ఈ ప్రశ్న వేసినవారిని నేను ఇంతవరకు చూడలేదు.


జవాబు: గోదావరిగట్టు చదువరి

మాష్టారు చెప్పిన భోజనం మాటకు ఆమోసు పుస్తకాన్ని కలపాలి. 4వ అధ్యాయం 5వ వచనంలో ఉత్తర రాజ్యపు ధనికులు కృతజ్ఞతార్పణలు దహించి, స్వేచ్ఛార్పణలను చాటించుకుంటున్నారని ఎత్తిపొడుస్తాడు. 5వ అధ్యాయంలో మీ పాటల ధ్వని నా దగ్గరనుండి తొలగించండి, న్యాయం నీళ్లలా పారనివ్వండి అంటాడు. వారి కృతజ్ఞతలో లోపం కంఠంలో లేదు. బీదవాడి ధాన్యాన్ని పన్నుగా పిండుకున్న చేత్తోనే వారు అర్పణ తెచ్చారు. 50వ కీర్తన కూడా అదే దారి: అడవి మృగాలన్నీ నావే, నాకు ఆకలైతే నీతో చెప్పను అని చెప్పి, కృతజ్ఞతను అర్పించు అంటుంది, ఆ వెంటనే దొంగతో స్నేహం చేసి నోట నా నిబంధన పలుకుతావేమి అని నిలదీస్తుంది. పంట దక్కిన ఆసామి బస్తా ఇచ్చి సాక్ష్యం చెప్పేముందు తన కౌలుదారు దగ్గర ఈ ఏడు మక్తాలో ఎంత వదిలాడో ఒకసారి చూసుకుంటే, అది ఆమోసు అడిగిన అర్పణకు దగ్గరగా ఉంటుంది. ఈ మాట పెద్దల ముందు అనే ధైర్యం నాకైతే లేదు, ఇక్కడ రాయగలను.


జవాబు: పాలకొల్లు కౌలురైతు

అందరికీ కృతజ్ఞతలు. నాకు రెండూ ఎందుకు సరిపడలేదో ఇప్పుడు తెలిసింది. నా దగ్గర ఈ ఏడాది చెప్పుకోవడానికి ఉన్నది మొర, సాక్ష్యం కాదు. దానికి కూడా ఆ ఆదివారం చోటుంటే నేను వస్తాను.

వచ్చే పెద్దల సమావేశంలో ఇలా అడుగుదామనుకుంటున్నాను. మొదట యోవేలు 1వ అధ్యాయం చదివి పంట పోయినవారి కోసం కొంతసేపు ప్రార్థన. తరువాత పంట దక్కినవారిలో ఇష్టమున్నవారు లేచి మాట్లాడడం, పేర్లు పిలవకుండా. కానుకలుగా వచ్చిన ధాన్యం, కూరగాయలు, కోళ్లు ఈ ఒక్క ఏడాది వేలం వేయకుండా ఆ రోజే వండి అందరికీ బంతి భోజనం, మిగిలిన బస్తాలుంటే పంట పోయిన ఇళ్లకు. వేలం సొమ్ము తగ్గుతుందని అభ్యంతరం వస్తుంది, తెలుసు. లేవీయకాండము 7 పట్టుకొని వెళతాను. మక్తా మాట మాత్రం నేను ఎత్తితే నా కోసమే ఎత్తానంటారు, కాబట్టి అది ఇంకెవరైనా ఎత్తాలి.

ఒక్క సందేహం మిగిలింది. చివర ఏ కీర్తన పాడాలి? మామూలుగా 65 పాడతాం, సంవత్సరాన్ని నీ దయాకిరీటం ధరింపజేశావు అని ఉంటుంది. ఈ ఏడాది నా నోట అది రాదు.


జవాబు: అమలాపురం మాష్టారు

65ను దక్కినవారి సాక్ష్యాల తరువాత వారినే పాడమనండి, అది వారి పాటే. అందరూ కలిసి పాడడానికి 126 తీసుకోండి. అందులో సగం జరిగిపోయిన మేలు, సగం ఇంకా అడుగుతున్న మొర. కన్నీళ్లు విడుస్తూ పిడికెడు విత్తనాలు పట్టుకొని వెళ్లేవాడు దానిలోనే ఉన్నాడు, పనలు మోసుకొని వచ్చేవాడూ దానిలోనే ఉన్నాడు. దాళ్వా నారుమడికి విత్తనం ఎవరింట్లో ఉందో, ఎవరింట్లో మొలకెత్తి పోయిందో ఆ భోజనాల దగ్గరే తేల్చుకోండి.


జవాబు: అంతర్వేది తీరం

భోజనానికి చేపలు మేము పంపుతాం. తేదీ ఖాయం కాగానే ఇక్కడ రాయండి.